గోడకు దూప

విత్తనం వేస్తే మూడు నెలల్లో ఇల్లు మొలిచే కాలం వచ్చాక సిద్ధిపేటలో తాపీపనివాళ్లతో ఎవరికీ అవసరం లేకపోయింది. నలభై ఏళ్లు గోడలు కట్టిన కొమురవ్వకు మాత్రం అలవాటు పోలేదు. ఆమె కుటుంబం ఉంటున్న, అలా మొలిచిన కొత్తింటి పడమటి గోడ ఎండకు వాడిపోయిందనీ, పెకిలించేస్తాం, ఇల్లు ఖాళీ చేయండనీ విత్తనాల కంపెనీవాళ్లు చెప్పిపోయారు. ఆమె ఆ గోడకు గోనెపట్టాలు కప్పి, పక్కనే కూర్చుని పూటపూటా నీళ్లు కొట్టింది.

"ఇది సిమెంటు గోడ కాదత్తమ్మా, క్యూరింగెందుకు?" అంది కోడలు రజిత.

"ఏ గోడకైనా దూపయితది బిడ్డా, నీళ్లు తాగాలె."

ఇరవై ఒకటో రోజు అత్తాకోడళ్లు పట్టాలు తీశారు. గోడంతా లేతపచ్చగా మెరుస్తోంది. ఆమె రోజూ కూర్చున్నచోట మోకాలెత్తు అరుగు మొలిచింది. కొమురవ్వ దానిమీద రసమట్టం పెట్టింది. లోపలి బుడగ సరిగ్గా నడుమ నిలిచింది.

"నా జన్మల ఇంత మట్టంగ నేను కట్టలే" అంటూ చెప్పులు విడిచి, అరుగుకు మొక్కి, మెల్లగా కూర్చుంది.