ఓడిపోయే విద్య

ఇవాళ ఓడిపోవడం ఎలాగో టెస్టరుకు అంతు చిక్కడం లేదు.

బల్లకు అవతల మేనేజరు గారు సింహం కార్డు వేసి కూర్చున్నారు. టెస్టరు చేతిలో మూడు కార్డులు మిగిలాయి. ఏనుగు, మొసలి, కుందేలు. ఏది వేసినా సింహం చిత్తే. ఆఖరికి కుందేలు వేసినా సరే.

పిల్లలు ప్యాకెట్లు కొని పోగుచేసుకునే కార్డులవి. అచ్చుకు వెళ్లేముందు వాటితో ఆడి, ఏది బలమైనదో, ఏది ఉత్తదో తేల్చడం అతని ఉద్యోగం. ఇద్దరూ చెరొకటి వేయాలి. కార్డు మీద బలం అంకె ఎవరిది పెద్దదైతే వాళ్లది గెలుపు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా వేయకపోతే ఓడినట్టే. అంతే ఆట.

సింహం మేనేజరు గారు స్వయంగా పెన్సిలుతో గీసుకున్న ముద్దుబిడ్డ. ఈ కుర్చీలో ఇంతకు ముందున్నవాడు దాన్ని ఓడించాడట, మర్నాటికల్లా కుర్చీ ఖాళీ అయిందట. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి టెస్టరు శ్రద్ధగా ఓడిపోతూ వచ్చాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. అతను ఓడినప్పుడల్లా మేనేజరు గారు "ఇది మరీ బలంగా ఉన్నట్టుందయ్యా" అంటూ రబ్బరుతో అంకె చెరిపి తగ్గించేవారు. తొమ్మిది కాస్తా ఏడై, నాలుగై, నిన్నటికి రెండైంది. కుందేలుకే మూడుంది! ఇప్పుడది సింహం కాదు, జూలున్న పిల్లి.

పర్మినెంటు సంగతి తేలేది ఇవాళే. పొద్దున భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. "ఈ ఒక్కరోజూ ఆయన్ని నొప్పించకండి. లేదంటే మా అన్నయ్య కొట్లో పొట్లాలు కట్టుకోవాలి. అన్నయ్య నోరు మీకు తెలిసిందేగా."

"ఏమయ్యా, నీ చేతిలో బలమైన కార్డేది?" అన్నారు మేనేజరు గారు.

"మీ సింహం ముందు అన్నీ ఉత్తవే సార్."

"అదేంటి? సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నాను సార్. గుండె దడదడలాడుతోంది."

ఆ చివరి మాట మాత్రం నిజం.

ఇసుక సగానికి దిగింది. ఇంతలో మేనేజరు గారి మోచెయ్యి తగిలి గడియారం పక్కకు పడిపోయింది. "అరెరె" అన్నారే గానీ, దాన్ని లేపడానికి ఆయనేమీ తొందరపడలేదు. టెస్టరే గబుక్కున లేచి, ఇసుక మిగిలిన వైపు పైకి వచ్చేలా వినయంగా నిలబెట్టాడు.

"వెయ్యవయ్యా! ఏదో ఒకటి వెయ్యి! కుందేలుంటే కుందేలే వెయ్యి!" ఆయన గొంతు పెరిగింది.

ఇది తనను పట్టుకోవడానికి పన్నిన ఉచ్చేనని టెస్టరు గట్టిగా అనుకున్నాడు. ముందున్నవాడు ఈ మాట నమ్మే బోల్తాపడి ఉంటాడు. ఏం చేయాలో తోచక దగ్గడం మొదలుపెట్టాడు. దొంగ దగ్గు కాస్తా నిజం దగ్గైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కార్డు మాత్రం వదల్లేదు.

ఇసుక అయిపోయింది.

"ఓడిపోయాను సార్" అన్నాడు, హమ్మయ్య అనుకుంటూ.

మేనేజరు గారు రెండు చేతులా తల పట్టుకున్నారు.

"ఇంత చచ్చు కార్డు మీద కూడా గెలవలేనివాడికి ఉద్యోగం ఇమ్మని పైవాళ్లను ఏ మొహం పెట్టుకుని అడగనయ్యా? నీ ముందువాడు వచ్చిన రెండోరోజే నన్ను ఓడించాడు, మర్నాడే వాణ్ని పర్మినెంటు చేయించి పైఅంతస్తుకు పంపాను. నిన్నూ పంపిద్దామనే కదయ్యా, నా సింహం పళ్లు నా చేత్తోనే ఒక్కొక్కటీ పీకేశాను!"