మాస్టారి అలర్ట్

"నమస్కారం ఆచార్యగారూ! మీరు వెతుకుతున్నదానికి కొత్త వ్యాసం దొరికింది."

పాఠం మధ్యలో తెరమీద మెయిల్‌గా ఆ మాటలు మెరిసేసరికి లెక్చరర్ గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఆచార్యగారెవరు మేడమ్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"మా మాస్టారు."

"పిలవండి మేడమ్, మాకూ పాఠం చెబుతారు!"

క్లాసంతా గొల్లుమంది. ఆయన పోయి ఏడాది దాటిందని పాపం వాళ్లకేం తెలుసు? లెక్చరర్ కంప్యూటర్ కట్టేసి, గంట కొట్టగానే లైబ్రరీకి పరుగులాంటి నడక నడిచింది.

"మా మాస్టారి లైబ్రరీ అకౌంటు మూసేయండి, ఆయన మెయిల్స్ ఇంకా నాకొస్తున్నాయి," అంది కుర్చీ లాక్కుంటూ.

లైబ్రేరియన్ తాపీ మనిషి. కళ్లజోడు తుడుచుకుని అడిగాడు. "ఆయనకు రావాల్సిన మెయిల్స్ మీకెందుకొస్తున్నాయి?"

"అకౌంటు తెరిచిపెట్టింది నేనేగా. మాస్టారికి ఈమెయిల్ లేకపోతే నాదే ఇచ్చాను."

అప్పుడామె ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది. సాహిత్య విమర్శకు లైబ్రరీ వాళ్ల వ్యాసాల డేటాబేస్ ఏమిటని మాస్టారు మొదట విసుక్కున్నారు. శీర్షికలో లేకపోయినా సరే, వ్యాసం లోపల ఏ మూలనున్న మాటనైనా పట్టేస్తుందని చూపిస్తే మాత్రం నోరెళ్లబెట్టారు. ఇక ఒంటివేలితో టైపు చేస్తూ ఒకటే మురిసిపోవడం. అలర్ట్ పెట్టడమూ ఆమే నేర్పింది.

"ఒకసారి పెడితే రోజూ అదే వెతుకుతుందా?"

"ఆపమనేదాకా వెతుకుతూనే ఉంటుంది మాస్టారూ."

ఆ తర్వాతే చెడింది. ఎవరికీ పట్టని ఓ పాతకాలపు కవయిత్రి మీద ఆమె రాసిన అధ్యాయాన్ని ఆయన నిండు సభలో ఉతికి ఆరేశారు. "ఇది విమర్శ కాదమ్మా, భజన," అన్నారు. ఆమె గైడును మార్చుకుంది. పంతం పట్టి ఆ అధ్యాయాన్నే అచ్చు వేయించింది. ఆ తర్వాత ఆ కవయిత్రి మీద రాసేవాళ్లంతా దాన్ని ప్రస్తావించేవాళ్లే. మళ్లీ ఆయన గడప తొక్కలేదు, ఆఖరి చూపుకి కూడా.

అలర్టులు మొదలైంది ఆ గొడవ తర్వాతే. శీర్షికలు చూస్తే వచ్చినవన్నీ ఆ కవయిత్రి మీద వ్యాసాలే. తన రాతలో తప్పులు పట్టడానికే మాస్టారు వాటిని పోగేస్తున్నారని ఆమె పళ్లు నూరుకుంది. ఒక్కటీ తెరిచి చూడలేదు. ఆయన పోయాకైనా ఆగుతాయనుకుంటే అదీ లేదు.

"పోయి కూడా వదలడం లేదండీ నన్ను," అంది. "కోపంతోనే పోయారేమోనని కంటిమీద కునుకు ఉండదు. ఇది వచ్చినప్పుడల్లా వెనకే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది."

లైబ్రేరియన్ మనసు కరిగింది. "అకౌంటు మూయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి మేడమ్. అలర్ట్ తీసేయడం ఎంత పని? ఆ కవయిత్రి పేరు చెప్పండి."

చెప్పింది. అతను టకటకా నొక్కి, ముఖం చిట్లించాడు.

"ఆ పేరుతో ఆయన ఏదీ పెట్టలేదే!"

"సరిగ్గా చూడండి."

"సరిగ్గా చూడ్డానికేముంది, ఉన్నదే ఒక్కటి." తెరను నెమ్మదిగా ఆమె వైపు తిప్పాడు.

వెతకాల్సిన మాట అన్నచోట కవయిత్రి పేరు కాదు, లెక్చరర్ సొంత పేరే ఉంది.