గోడౌన్ కాపలాదారుడి తెల్లటి గడ్డలు

“మీరే చేశారీ పని! వాణ్ణి ఆ బస్తాల మీద పడుకోబెట్టింది మీరు కాదూ?”

ఓక్‌బున్ అరుపుకి ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. తేబెక్ కనుమ దారిలో మంచు కరిగించే గుళికలు చల్లే కూలీ ఆమె. ఎదురుగా ఉన్నవాడు పో అనే కాంట్రాక్టరు.

“మెల్లగా అక్కా! నా కారులో వేసుకుని తెచ్చింది ఎవరు? నేనేగా?”

“నెలంతా గజ్జి, గజ్జి అని మందు పూసిందీ మీరేగా!”

లోపల్నుంచి గోడౌన్ కాపలాదారుడు డోల్సే మూలుగు వినిపించింది. పో లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

డాక్టర్ మెంగ్ ఎక్స్‌రే పట్టుకుని బయటికొచ్చింది. మెడ దగ్గరా, కాళ్ళలోనూ చర్మం కింద బియ్యపు నూకల్లా తెల్లటి చుక్కలు.

“గజ్జి కాదు, క్యాన్సరూ కాదు. ముక్క తీసి పరీక్ష చేశాం. ఈ తెల్లటి గడ్డలు చర్మంలో పేరుకుని గట్టిపడిన కాల్షియం.”

“కిడ్నీలు పోయాయా?” పో ఎక్స్‌రే మీదికి వంగాడు.

“బాగున్నాయి. రక్తంలోనూ కాల్షియం మామూలుగానే ఉంది. అంటే ఇది బయట నుంచి దిగింది. రోజంతా ఎక్కడుంటాడు?”

“గోడౌన్‌లో. రాత్రి కాపలా కూడా వాడిదే.”

“ఏం గోడౌన్?”

పో జేబులో కారు తాళాలు వెతుక్కోసాగాడు.

“మంచు గుళికలది. బస్తాలు చిరిగి నేలంతా అదే” అంది ఓక్‌బున్.

“ఆ గుళికల్లో ఉన్నదీ కాల్షియమే. గీరుకున్న చోటల్లా తడికి కరిగి లోపలికి దిగింది. పిండకండి, కోయకండి. గోరువెచ్చటి నీళ్ళతో కడగండి. ఆ గుళికలు తగలకుండా ఉంటే ఒళ్ళే మెల్లగా బయటికి తోసేస్తుంది. చీము పడితే మాత్రం వెంటనే తీసుకురండి.”

“ఎవరికైనా వస్తుందా డాక్టర్?” అడిగింది ఓక్‌బున్.

“చర్మం ఉన్న ఎవరికైనా.”

పో కళ్ళు తుడుచుకున్నాడు. “ఈ చలికాలం వాడికి పని లేదు. మా ఇంట్లో వెచ్చటి గదిలో ఉంటాడు. మాంసం పులుసు నేనే కాచి పోస్తా. చాలా అక్కా? ఇక పద. కనుమలో మంచు మొదలైంది, లారీ ఆగి ఉంది.”

ఓక్‌బున్ కదల్లేదు. గ్లవ్స్ ఎరగని రెండు చేతులూ అతని ముఖం ముందు చాపింది. వేళ్ళ నిండా అవే తెల్లటి గడ్డలు.

“మీ కుక్క డోల్సేకి వైద్యం అయింది కదా, ఇప్పుడు మమ్మల్ని మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి!”