మీరు

చచ్చినవాడంటే టైలరుకి ఒళ్ళు మంట.

చచ్చినవాడు అతని భార్యకి మొదటి మొగుడు. గోదాములో హమాలీ. రెండేసి బస్తాలు వీపున వేసుకుని, ఈల వేస్తూ మెట్లెక్కేవాడట. ఆ ఈల సంగతి ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. టైలరు నీళ్ళ బకెట్టు ఎత్తలేడు. ఏళ్ళ తరబడి మిషను మీద వంగి కూర్చుని, నడుములో డిస్కు ఎండి అరిగిపోయింది.

మంచానికి ఎదురుగా మేకుకి చచ్చినవాడి నడుము పట్టీ. భార్య రోజూ తుడుస్తుంది. టైలరు ఓసారి కట్టుకు చూస్తే ఒకటిన్నర చుట్లు తిరిగింది. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఇక్కడ నడుము కూడా బారెడైంది.

అన్నీ మింగాడు గానీ ఒక్కటి గొంతు దిగలేదు. పోయినవాడు 'ఆయన'. తను 'నువ్వు'.

"మీరు అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగేశాడు.

"అనాలనిపించాలి కదయ్యా" అంది.

నొప్పి ముదిరింది. అరిగిన డిస్కులోకి సూదితో మెత్తటి గుజ్జు ఎక్కిస్తున్నారనీ, అది లోపల తడికి ఉబ్బి దిండులా బరువు మోస్తుందనీ తెలిసింది. భార్య ఊరవతలి పెద్దాసుపత్రికే పోదామని పట్టుబట్టింది. మొదటివాడు కన్నుమూసింది అందులోనే. నా నడుముకి కూడా వాడి ఆసుపత్రేనా అని టైలరు దారంతా గొణిగాడు.

డాక్టరు విడమర్చి చెబుతుంటే టైలరు సూది పొడుగే చూస్తున్నాడు. భార్య మాత్రం అంతా విని, గొంతు తగ్గించి ఏదో అడిగింది.

"అది మేం చెప్పకూడదమ్మా" అన్నాడు డాక్టరు.

కొన్నాళ్ళకి టైలరు నిటారుగా నిలబడ్డాడు. బకెట్టెత్తాడు. ఆ రోజే భార్య మేకు మీది పట్టీ తీసి వీధి చివర ముఠా కూలీకి ఇచ్చేసింది.

రాత్రి నడుముకి కాపడం పెడుతూ అంది. "మీరు మెల్లిగా తిరగండి."

టైలరు చెవులు రిక్కించాడు. తెల్లారాక కూడా అదే వరస. మీరు తినండి, మీరు బరువులెత్తకండి. చచ్చినవాడి పీడ విరగడైందనుకున్నాడు.

"అయితే ఇన్నాళ్ళకి నేనూ ఆయనంతవాణ్ణయ్యానన్నమాట" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

భార్య అతని నడుము నిమిరింది.

"అదేం కాదయ్యా, ఈ నడుములోకి ఎక్కించింది ఆ ఆసుపత్రికి ఒళ్ళు దానమిచ్చినవాళ్ళ వెన్నులోని గుజ్జేనట, ఆయన్ని నేనిచ్చింది అక్కడికే, మరి ఇద్దరున్నప్పుడు నువ్వు అని ఎలా అంటాను?"