అంకెల మందులపెట్టె

"పెట్టె తెరిచి నంబరు..." అని రేడియోలో డాక్టరమ్మ అంటూండగానే లాక్లన్ మైకు బటన్ నొక్కేశాడు.

"నంబర్లొద్దు డాక్టరుగారూ. మందు పేరు చెప్పండి. ఇక్కడ చదువుకున్నవాణ్ణి నేనున్నాను."

అతను ఊళ్ళకి దూరంగా ఉన్న ఆ పశువుల పొలం యజమాని అల్లుడు. సిడ్నీలో ఏడాదిన్నర వైద్యం చదివి మానేశాడు. మాటలు మాత్రం మానలేదు.

వంటింటి నేల మీద క్లారీ పడి ఉన్నాడు. పశువులు తోలే మనిషి. కందిరీగ కుట్టి పావుగంటయింది. మెడ ఉబ్బింది, పెదవులు నీలం తిరుగుతున్నాయి. డాక్టరమ్మ విమానం దిగేసరికి రెండు గంటలు పడుతుంది.

బటన్ నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట వినపడదు. లాక్లన్ వదల్లేదు.

"ఇతనికి డిస్ఫేజియా. డిస్ఫేసియా కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది మింగలేకపోవడం. రెండోది మెదడు దెబ్బతిని మాట రాకపోవడం."

"ఊపిరాడకపోవడాన్ని ఏమంటారు అబ్బాయ్?" అంది వంటమనిషి మావిస్. క్లారీ తల ఆమె ఒళ్ళో ఉంది.

"నీకు చెప్తే ఎక్కుతుందా? హైపోకీ హైపర్‌కీ తేడా తెలీని నీలాంటి వాళ్ళ కోసమేగా మందుల మీద అంకెలేసింది."

"ఆ తేడా రేపు చెబుదువుగాని. బటను వదులు."

"హైపో అంటే తక్కువ. హైపర్ అంటే..."

క్లారీ తల నేలకి ఆన్చి మావిస్ లేచింది. పిండి అంటిన చేత్తో అతని బొటనవేలు పట్టుకుని వెనక్కి విరిచింది.

"...ఎనభై ఏడు," అంటోంది డాక్టరమ్మ. ఎన్నోసారి అంటోందో. "ఎనభై ఏడు సూది. తొడలో పొడిచెయ్."

మావిస్ పెట్టెలోంచి ఆ అంకె ఉన్న సూది తీసి పొడిచింది.

కొంతసేపటికి క్లారీ గొంతులో ఈలలాంటి చప్పుడు వచ్చింది. తర్వాత దగ్గు. తర్వాత లాక్లన్‌ని చూసి ఒక బూతు.

లాక్లన్ వేలు రుద్దుకుంటూ మళ్ళీ మైకు అందుకున్నాడు. చుట్టుపక్కల పొలాలవాళ్ళంతా ఈ రేడియో వింటారు.

"అందరూ ఉన్నారు కాబట్టి ఒక మాట డాక్టరుగారూ. ఈ అంకెలు వంటవాళ్ళకి. మనలాంటి వాళ్ళకి పేర్లు చాలు."

బటన్ వదిలాడు.

"ఆ అంకెలు మావిస్ కోసం కాదు బాబూ," అంది డాక్టరమ్మ. "నా కోసం. ఒకలాంటి పేర్లున్న రెండు మందుల్ని తారుమారు చేసి చెప్పి, నేనొకణ్ణి చంపాక వేయించారు."