తలుపు దగ్గరి చోటు

“తాడు దాటకండి ఆంటీ. లోపలికి రాకూడదు.”

తెలుగు వినపడేసరికి ఆ పెద్దావిడ ఆగింది. అప్పటికే ఒక కాలు తాడు అవతల వేసింది.

కోటు కింద నేత చీర. నుదుట బొట్టు లేదు. చేతి గాజులు, గడియారం, జుట్టులో పిన్నులు తీసి సంచిలో వేసుకుంటోంది. హెలికాప్టర్ ఎక్కనిస్తారని ముందే అనుకుని వచ్చినట్టుంది. విద్యాసాగర్‌కి అది నచ్చలేదు.

ఎడిన్‌బర్గ్ బయట, పాత ఎయిర్‌ఫీల్డులో ఉన్న రేకుల షెడ్డు అది. మధ్యలో పసుపు రంగు సైనిక హెలికాప్టర్. ఒకప్పుడు సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని తాడుతో పైకి లాగిన యంత్రం. ఏళ్ళ తరబడి ఎవరి పొలంలోనో కోళ్ళగూడై పడి ఉంటే, హామిష్ అనే రిటైర్డ్ మెకానిక్ నలుగురిని కూడగట్టి ఇక్కడికి తెచ్చాడు. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేసే విద్యాసాగర్, శనివారాలు వచ్చి ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకి కొత్తవి వేశాడు.

ఇంకో నెలలో అది మళ్ళీ ఎగరాలి.

తన పేరు పుష్పలీల అని చెప్పిందావిడ. ఉత్తరాన ఎక్కడో ఉండేదట. ఈమధ్యే ఎడిన్‌బర్గ్ వచ్చి, కౌన్సిల్ వాళ్ళ వృద్ధుల ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటోందట. పేపర్లో ఈ హెలికాప్టర్ సంగతి చదివి, రెండు బస్సులు మారి వచ్చింది.

“ఒకసారి ఇందులో వెళ్ళాను బాబూ. ఆ వేళ ఒకతను ఇందులోనే పోయాడు, ఆ తలుపు దగ్గర. అక్కడ కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను.”

ఎవరో దగ్గరివాళ్ళని పోగొట్టుకుంది పాపం, అనుకున్నాడు విద్యాసాగర్. ఆ వెంటనే ఇంకో సంగతీ తోచింది. ఎగరబోయే ముందు ఇందులో కూర్చుని ఈవిడ చావుని తలుచుకోవడమా? చక్రాల కింద పెట్టడానికి అతను నిమ్మకాయలు కూడా కొని ఉంచాడు. పైకి మాత్రం ఇన్సూరెన్సు ఒప్పుకోదని చెప్పాడు.

“శుభమా అని మొదలెడుతున్నాం ఆంటీ. ఎగిరాక రండి, నేనే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను.”

“ఎప్పటికి ఎగురుతుంది?”

“నెల. మహా అయితే ఇంకో వారం.”

“నెలా” అంది ఆవిడ, లోపలేదో లెక్క చూసుకుంటున్నట్టు.

తర్వాతి శనివారం మళ్ళీ వచ్చింది. ఎక్కనిస్తే ఏం పోయిందని హామిష్ అడిగాడు. మావాళ్ళ సంగతి నీకు తెలియదు, ఇవాళ ఒకరిని ఎక్కిస్తే రేపు తెలుగు అసోసియేషన్ మొత్తం సెల్ఫీలకి దిగుతుందని విద్యాసాగర్ నవ్వాడు.

ఆవిడ గోడవారన నిలబడి, తలుపు వైపే చూసి, చీకటి పడకముందే బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ పై వారం రాలేదు. అతనికి గుర్తు కూడా రాలేదు. అతని ధ్యాసంతా వేరే మనిషి మీద ఉంది.

ఆ హెలికాప్టర్ గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. తుఫానులో చేపల పడవ ఒకటి మునుగుతుంటే, ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టర్ రావు తాడు పట్టుకుని దాని మీదికి దిగాడు. దెబ్బలు తగిలినవాళ్ళని ఒక్కొక్కరినే పైకి పంపి, అందరికంటే చివర తను వచ్చాడు. ఆ డాక్టర్ని వెతికి తెచ్చి, మొదటిసారి ఎగిరే రోజున ముందు వరసలో కూర్చోబెట్టాలని అందరి కోరిక. తెలుగువాడై ఉంటాడని విద్యాసాగర్‌కి మరీను.

షెఫీల్డ్ దాకా ఫోన్లు చేశాడు. డాక్టర్ రావులు బాగానే దొరికారు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఇంకొకాయన, తాడు సంగతి దేవుడెరుగు, లిఫ్టు ఎక్కాలన్నా తనకి భయమేనన్నాడు.

ఒకరోజు అసోసియేషన్ వాట్సాప్‌లో వార్త వచ్చింది. పుష్పలీల ఆంటీ, చివరి రోజుల్లో చేరిన హాస్పిస్‌లో పోయారు, పిల్లలు లేరు, గురువారం దహనానికి వీలైనవాళ్ళు రండి.

విద్యాసాగర్ చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. గురువారం సెలవు పెట్టాడు కూడా. కానీ అది ఇంజన్ పరీక్ష కోసం.

ఎగిరే రోజు మబ్బుగా ఉంది. ముందు వరసలో డాక్టర్ రావు పేరున కుర్చీ వేసి, ఇంటి నుంచి తెచ్చిన శాలువా దాని మీద మడిచి పెట్టాడు. మనిషి దొరక్కపోయినా గౌరవం దక్కాలని.

రెక్కలు తిరిగాయి. చక్రాలు నేలని వదిలాయి. హామిష్ టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు.

కుర్చీ పక్కనే, వీల్‌చెయిర్‌లో అలెక్ అనే ముసలాయన ఉన్నాడు. ఆ రోజుల్లో హెలికాప్టర్ తలుపు దగ్గర నిలబడి తాడు దించినవాడు. కూతురు అప్పుడే తీసుకొచ్చింది. ఖాళీ కుర్చీ ఎవరిదని అడిగాడు.

విద్యాసాగర్ చెప్పాడు. ఎంత వెతికినా ఆయన దొరకలేదన్నాడు.

“ఆయనా?”

విద్యాసాగర్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అసలు ఆ కథలోకి ‘ఆయన’ని తెచ్చింది తనే. అంతకుముందు ఇక్కడివాళ్ళు డాక్టర్ రావు అని మాత్రమే చెప్పుకునేవారు.

అలెక్ చూపు పైకి పోలేదు. పైకి లాగినవాళ్ళలో ఒక కుర్రాడు దారిలోనే పోయాడని, అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న డాక్టర్ని తీరం చేరాక కూడా ఆ తలుపు దగ్గరి నుంచి లేపలేకపోయామని నెమ్మదిగా చెప్పాడు.

“రావు ఆమె భర్త పేరు. తాడు కట్టి దించబోతూ, ఇది తెగితే ఎవరు పోయారని చెప్పాలమ్మా అని సొంత పేరు అడిగాను. పుష్పలీల అంది.”