శనివారం పెద్దాయన

షట్టర్ ఎత్తి గంట కాకముందే వెంకటేశం గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“బిడ్డా, జర ఒక్క మాట.”

హర్షకు ప్రాణం ఉసూరుమంది. శనివారం వస్తే చాలు, ఈ పెద్దాయన నాంపల్లిలోని హర్ష కార్ల విడిభాగాల దుకాణానికి వచ్చేస్తాడు. ఇంజిన్ల గురించి ఏదో ఒకటి అడుగుతాడు. ఒక్క నట్టు కూడా కొనడు.

“అడుగున్రి అంకుల్.”

“టర్బో కారున్నది. దానికి ఇంకా పవర్ పెంచాలె. ఇంజెక్టర్లు ఎంత పెద్దయి పెట్టుకోవాలె?”

హర్షకు నవ్వొచ్చింది. ఆ అరిగిన చెప్పులు చూస్తే టర్బో కారు మాట అటుంచి, సైకిలైనా ఉన్నట్టు లేదు. అయినా కార్ల ముచ్చట వస్తే హర్ష నోరు ఊరుకోదు.

“ఇంజిన్‌ల పెట్రోల్ చిమ్మేదే ఇంజెక్టర్ అంకుల్. ముందుగాల ఎంత పవర్ కావాల్నో తేల్చుకోవాలె. దానికి సరిపోను, పైన జర ఎక్కువ. గంతే. చిన్నయి పెడితే జోరు మీదున్నప్పుడు పెట్రోల్ చాలక పిస్టన్ కాలిపోతది. మరీ పెద్దయి పెడితే సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఎక్కువ చిమ్మి బండి దగ్గుతది.”

“మా దోస్తు పెద్దయి పెట్టిచ్చిండు, నాకూ గవే కావాలె అంటే?”

“వద్దని చెప్పాలె. ఒకల కండ్లద్దాలు ఇంకొకలకు పనికొస్తయా?”

పెద్దాయన పెదవులు కదిలిస్తూ అదంతా ఒకసారి తనలో తాను అప్పజెప్పుకున్నాడు. “మంచిగ చెప్పినవ్ బిడ్డా” అని వెళ్లిపోయాడు.

పాపం, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదేమో అనుకున్నాడు హర్ష.

చేస్తున్న ఉద్యోగం మానేసి నిరుడు పెట్టిన దుకాణం అది. నిలబడిందా, సొంత బతుకు. లేదా, మళ్లీ ఎవరి కిందో చేతులు కట్టుకుని నిలబడడం.

ఇప్పటికైతే బాగానే ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాటిందంటే కొత్త మొహాలు వెతుక్కుంటూ వచ్చేవి. వచ్చినవాళ్లూ బుద్ధిమంతులే. “నాకు ఇంత పవర్ చాలన్నా, దానికి తగ్గయే పెట్టు” అనేవాళ్లు.

అంతా తను ఫోన్‌లో పెట్టే వీడియోల మహిమేనని భార్య వైశాలి దగ్గర కాలరెగరేసేవాడు హర్ష.

తర్వాతి శనివారం సిద్ధార్థ్ అనే కుర్రాడు వచ్చాడు. బయట ఆగిన కారు చూడగానే హర్ష లేచి నిలబడ్డాడు.

“అన్నిటికన్నా పెద్ద ఇంజెక్టర్లు చూపియ్ భాయ్. నా బండి అబిడ్స్ మీదికెళ్లి పోతే అందరు తిరిగి చూడాలె.”

పెద్దవి ఉన్నాయి. ఎవరూ అడగక దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ కారుకు అవి తగవని హర్షకు తెలుసు. తెలిసే పెట్టె దులిపి ముందు పెట్టాడు.

“మీ కారుకు గివే కరెక్ట్ సార్.”

“గంత పెద్దయి ఎందుకు బిడ్డా?”

వెనకనుంచి వెంకటేశం. ఎప్పుడొచ్చాడో ఏమో!

“సిగ్నల్ కాడ దగ్గదా? పోయిన వారం నువ్వే చెప్పినవ్ కదా.”

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

సిద్ధార్థ్ ఇద్దరి మొహాలూ చూశాడు. “మళ్లొస్త” అని కారెక్కాడు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ రారు.

హర్షకు ఒళ్లు మండిపోయింది.

“అంకుల్, మీకు కారున్నదా?”

“లేదు బిడ్డా.”

“కొనేదున్నదా?”

“లేదు.”

“మరి గీడ మీకేం పని? టైంపాస్‌కు నా దుకాణమే దొరికిందా? ఇంకోసారి గీ గడప తొక్కకున్రి!”

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. హర్ష చేత్తోనే దారి చూపించాడు.

“తప్పైంది బిడ్డా” అని మెల్లగా మెట్లు దిగాడు.

ఆ ఆదివారం ఎవరూ రాలేదు. మరుసటి ఆదివారమూ అంతే. హర్ష వీడియోల మీద వీడియోలు పెట్టాడు. లైకులొచ్చాయి. మనుషులు రాలేదు.

దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ఆ మెట్లు దిగిన ముసలి వీపే గుర్తొచ్చేది. అబద్ధమాడింది తను, తప్పైందన్నది ఆయన. కనబడితే క్షమించమని అడగాలనుకునేవాడు. కానీ ఆయన ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో ఏనాడైనా అడిగితే కదా!

“వీడియోలు చాలు హర్షా” అంది వైశాలి చివరికి. “దుకాణం పేరు మీద కాగితాలు అచ్చు కొట్టిచ్చి అబిడ్స్‌ల పంచు. ఆదివారం గాడ ఎంత జనముంటరు!”

వెళ్లాడు. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాల గుట్టలు. కాగితాలు పంచుకుంటూ నడుస్తుంటే ఒకచోట కాళ్లు ఆగిపోయాయి.

అన్నీ కార్ల పత్రికలు, ఇంజిన్ల పుస్తకాలు. చుట్టూ కుర్రకారు. మధ్యలో పీట మీద వెంకటేశం.

దగ్గరికెళ్లడానికి మొహం చెల్లక హర్ష జనం వెనకే నిలబడిపోయాడు.

కారు తాళాలు పట్టుకున్న ఒక అమ్మాయి వంగి అడిగింది.

“తాతా, నా టర్బో కారుకు ఇంజెక్టర్లు మార్చాలె. మా అన్న మిమ్మల్నే అడుగుమన్నడు. ఏ దుకాణానికి పోవాలె?”

వెంకటేశం చేతిలోని పుస్తకం దుమ్ము తుడిచి కింద పెట్టాడు.

“నాకు కార్ల సంగతి ఏం తెలుసు బిడ్డా? మీరు అడిగినయే పోయి అడిగి, ఆ పిల్లగాడు చెప్పినయే మీకు చెప్పేటోన్ని.”

“ఏ పిల్లగాడు తాతా?”

“నాంపల్లిల హర్ష అని, నిజం చెప్పే పిల్లగాడని ఏడాది సంది అడిగినోళ్లందర్నీ ఆయన దగ్గరికే పంపిన బిడ్డా, ఇప్పుడు ఎవల దగ్గరికి పొమ్మనాల్నో నాకే తెలుస్తలేదు.”